కారు నేర్చుకొనుటలో వ్యయవివేకము

కారు నడుపుట నేర్చుకొనుటకు ఎంత వ్యయమగునని హైదరాబాదులోగాని విజయవాడలోగాని నలుగురిని అడిగినచో నాలుగు లెక్కలు వినవచ్చును. ఆ నాలుగును నిజములే కావచ్చును. ఒకరు రవాణాశాఖకు కట్టిన రుసుమునే లెక్కించి చెప్పుదురు. మఱియొకరు డ్రైవింగు స్కూలువారికి ఇచ్చినది చెప్పుదురు. వేఱొకరు ఏజెంటు చేతిలో పెట్టిన మొత్తమును తలచుకొని నిట్టూర్చెదరు. నాలుగవవారు నేర్చుకొన్న కొత్తలో గోడకు గీచుకొనిపోయిన బంపరు మరమ్మతును సైతము అందులో కలుపుదురు. ఈ వ్యయములన్నిటిని ఒక్కచోట పెట్టి పరిశీలించిన కొలది నాకు స్థిరపడిన అభిప్రాయము ఒక్కటి కలదు: మనవారు ఆదా చేయగూడని చోట, అనగా స్టీరింగు చేతబట్టి కూర్చుండు గంటలలో, ఆదా చేయుచున్నారు, ఆదా చేయదగిన చోట, అనగా భయమునకును తొందరకును తెలియమికిని చెల్లించు మూల్యములో, లెక్క లేక వెచ్చించుచున్నారు.

ముందుగ ప్రభుత్వమునకు చెల్లవలసినది ఎంతయో చూతము. 1988 నాటి మోటారు వాహనముల చట్టమును, దానిని అనుసరించి 1989లో వెలువడిన కేంద్ర నియమములును ఈ విషయమునకు ఆధారములు; ఆ నియమములలోని రుసుముల పట్టిక 2016 డిసెంబరులో సవరింపబడినది. దాని ప్రకారము లెర్నర్స్ లైసెన్సు, అనగా మనవారి నోట నానిన ఎల్‌ఎల్‌ఆర్, ఒక్కొక్క తరగతి వాహనమునకు 150 రూపాయలు; దాని పరీక్షకు 50; బండి నడిపి చూపవలసిన పరీక్షకు ఒక్కొక్క తరగతికి 300; లైసెన్సు జారీకి 200. ఒక్క కారునకే దరఖాస్తు చేసినవానికి వెరసి 700 రూపాయలు. దీనిపై రాష్ట్రమువారు విధించు సేవారుసుములు కొంత చేరినను, ఒక మధ్యతరగతి గృహస్థు వెనుదీయవలసిన మొత్తము కాదు. ఇచ్చటనే ఒక చిన్న జాగ్రత్త కలదు. స్కూటరునకును కారునకును రెండింటికిని లైసెన్సు కావలెనని ముందే తెలిసియున్నవారు రెండు తరగతులకు ఒక్కమాఱే దరఖాస్తు చేసికొనుట మేలు. ఏలన అట్లు చేసినచో జారీ రుసుము ఒక్కసారితో పోవును, తరువాత ఎన్నడో కారును చేర్పించుకొనబోయినచో ఆ చేర్పునకే 500 రూపాయల రుసుము వేఱుగ కట్టవలసివచ్చును, ఆఫీసు చుట్టు మరల తిరుగుటకు పోవు పనిదినముల సంగతి సరేసరి.

ఈ 700 రూపాయల పని వేలలోనికి ఎట్లు పోవుచున్నదనుటయే అసలు విచారింపవలసిన విషయము. ఆర్టీఏ ఆఫీసు గేటు ముందర, జిరాక్సు దుకాణముల నీడలో, దరఖాస్తు కాగితములు చేతబట్టుకొని నిలుచుండు ఏజెంటు అమ్మునది లైసెన్సు కాదు, ధైర్యము. కంప్యూటరు ముందు కూర్చుండి ప్రశ్నలకు జవాబులు చెప్పవలెనన్నచో ఏబది యేండ్ల గృహిణికి గుండె దడదడలాడును. ‘మీరేమీ చేయనక్కరలేదమ్మా, అంతా మేము దగ్గరుండి చూసుకుంటాము’ అను ఒక్క మాటకు ఆమె రెండువేలో మూడువేలో ఇచ్చివేయును. నిజమునకు ఆ పరీక్షలో నూటికి అరువది ప్రశ్నలకు సరియైన సమాధానము చెప్పినచో ఉత్తీర్ణత. ప్రశ్నలు తెలుగులోనే యుండును. అడుగునవి రహదారి గుర్తులు, ఎవరు ఎవరికి దారి ఇవ్వవలెను, అంబులెన్సు వచ్చినప్పుడు ఏమి చేయవలెను అనునట్టివి. ఇంటిలోని కళాశాల విద్యార్థి రెండు సాయంకాలములు తల్లి ప్రక్కన కూర్చుండి ఆ గుర్తులను చూపించినచో తీరిపోవు భయమునకు మనము వేలు చెల్లించుచున్నాము. స్లాటు బుక్ చేయుటయు ఫోనులోనే జరుగు పని. చదువు రానివానికి, ఫోను వాడుట తెలియనివానికి ఒకరి సాయము కావలసివచ్చును, దానికి న్యాయమైన కూలి ఇచ్చుటలో తప్పులేదు. కాని చదువుకొన్నవారు సైతము అలవాటుగ ఆ గేటు దగ్గఱ ఆగిపోవుట చూచినప్పుడు బాధ కలుగును.

తేదీల లెక్క తెలియక పోవు ధనము ఇంకొకటి. ఎల్‌ఎల్‌ఆర్ చెల్లుబాటు ఆఱు నెలలు. అది చేతికి వచ్చిన ముప్పది దినములు గడచినగాని అసలు పరీక్షకు పోవుటకు వీలులేదు. కొందఱు ఎల్‌ఎల్‌ఆర్ తీసికొని, ఎండలు తగ్గనిమ్ము, పిల్లల పరీక్షలు కానిమ్మని జాగుచేసి, గడువు దాటిన పిదప మొదటినుండి కట్టుదురు. మఱికొందఱు స్కూలులో శిక్షణ అంతయు ముగించుకొని, అటుపిమ్మట ఎల్‌ఎల్‌ఆర్‌కు పోయి, మరల ముప్పది దినములు వేచియుండి, అప్పటికి చేయి మఱచిపోయి పరీక్షలో తప్పుదురు. అసలు ఎల్‌ఎల్‌ఆర్ లేక రోడ్డుమీద నేర్చుకొనుటయే చట్టవిరుద్ధమన్న సంగతి వారికి ఎవరును చెప్పరు. తప్పినవారు ఏడు దినములైన తరువాత మరల పోవచ్చును, కాని పోయినప్పుడెల్ల 300 రూపాయల పరీక్ష రుసుము చెల్లవలసినదే. మూడుసార్లు తప్పినవారు అరువది దినములు ఆగవలసినదే. కావున ఎల్‌ఎల్‌ఆర్ చేతికి వచ్చిన వారములోనే శిక్షణ ప్రారంభించి, అది ముగిసి చేయి వాడిగ నున్నప్పుడే, అనగా రెండవ నెలలో, పరీక్షకు స్లాటు తీసికొనువాడు తనకు తెలియకయే కొంత సొమ్ము మిగిల్చుకొన్నవాడగును.

ఇక డ్రైవింగు స్కూలు. బేరమంతయు ఇచ్చటనే జరుగును, మోసపోవుటయు ఇచ్చటనే జరుగును. కేంద్ర నియమముల ప్రకారము సొంత వాహనము నడుపుకొనువారికి స్కూలు ఇయ్యవలసిన శిక్షణ ఇరువది యొక్క దినములకు తక్కువ కారాదు, అందులో అభ్యర్థి నిజముగ బండి నడిపిన కాలము పది గంటలకు తక్కువ కారాదు. దినమునకు అరగంట చొప్పున ఇరువది యొక్క దినములు నడిపినచో పదిన్నర గంటలగును. నియమము వ్రాసినవారు ఆ లెక్కతోనే వ్రాసినట్లు తోచును. మన వీధులలో బోర్డులపై కనబడు పదిహేను దినముల ప్యాకేజీని అదే అరగంటతో లెక్కించినచో ఏడున్నర గంటలే. అందులోను కారులో ఇద్దఱిని ఎక్కించుకొని, ఒకరు నడుపుచుండగ రెండవవారిని వెనుక సీటులో కూర్చుండబెట్టి, వారివారి ఇండ్లకు పోవు దారిని కూడ క్లాసులోనే కలిపివేసినచో చేతికి దక్కునది ఇంకను తక్కువ. ఒక స్కూలువారు వేయి రూపాయలు తక్కువకు ఒప్పుకొన్నారని సంతోషించువాడు ఆ వేయికి ఎన్ని గంటలు పోగొట్టుకొన్నాడో చూచుకొనడు. అడుగవలసిన ప్రశ్న ‘ఎంత తీసుకుంటారు’ అని కాదు, ‘స్టీరింగు నా చేతిలో ఎన్ని నిమిషాలుంటుంది’ అని.

దీనికన్న సూక్ష్మమైన నష్టము ఒకటి కలదు, అది బయటికి కనబడదు. స్కూలు కార్లలో ఎడమ సీటు ముందు కూడ క్లచ్చును బ్రేకును అమర్చియుందురు; అపాయము వచ్చినప్పుడు శిక్షకుడు ఆపుటకై నియమములే అట్టి ఏర్పాటును కోరినవి. కాని ట్రాఫికులో బండి ఆగిపోయినచో వెనుకవారు హారనులు మ్రోగింతురని, తన సమయము వృథా యగునని, శిక్షకుడు తన ఎడమకాలితో క్లచ్చును తానే త్రొక్కి తానే మెల్లగ వదలుచుండును. పైన స్టీరింగు పట్టుకొన్నవాడు బండి ఎంత నెమ్మదిగ కదలినదో, తనకు ఎంత బాగుగ వచ్చినదో అని ఉప్పొంగును. క్లాసులు ముగిసి, ఇంటిలోని కారును మొదటిసారి తీసినప్పుడు అది గేటు దాటక మునుపే నాలుగుమాఱులు దుమికి ఆగిపోవును. అప్పుడు తనకు క్లచ్చు రాలేదని, వచ్చినది శిక్షకునికే యని తెలియును. మరల పది క్లాసులు, మరల రుసుము. మూడవ దినమునుండియే ‘మీరు కాలు తీసివేయండి, ఆగిపోతే ఆగిపోనివ్వండి’ అని మర్యాదగ, కాని గట్టిగ, చెప్పుకొనగలిగినవారికి ఈ రెండవ రుసుము తప్పును. ఇంజను ఆగిపోవుట సిగ్గుపడవలసినది కాదు. క్లచ్చు ఏ చోట పట్టుకొనునో పాదమునకు తెలియుటకు ఆగిపోవుట తప్ప వేఱు గురువు లేదు.

ఇంటి కారుమీద అభ్యాసము మాట. ఇదియే అన్నిటికన్న చవకైన మార్గమని నేను నమ్ముదును, అయితే రెండు షరతులతో. మొదటిది చట్టమునకు సంబంధించినది: నేర్చుకొనువానివద్ద ఎల్‌ఎల్‌ఆర్ ఉండవలెను, ప్రక్కన లైసెన్సు కలవారు బండిని ఆపగల స్థితిలో కూర్చుండవలెను, బండికి ముందు వెనుక తెల్లని పలకమీద ఎఱ్ఱని ‘ఎల్’ అక్షరము కనబడవలెను. ఇవి లేక ప్రమాదము జరిగినచో బీమాసంస్థ తన షరతులు చూపి నష్టపరిహారమును నిరాకరించుటకు అవకాశము కలదు. అప్పుడు పోవు ధనము ముందు ఏ స్కూలు రుసుమైనను లెక్కలోనిది కాదు. రెండవ షరతు మనుష్యులకు సంబంధించినది: ప్రక్కన కూర్చుండువారికి ఓపిక ఉండవలెను. మన ఇండ్లలో భార్యకు భర్త నేర్పబూనిన చోట్ల పది దినములలో ఏమగుచున్నదో అందఱకును తెలిసినదే. ‘బ్రేక్ నొక్కమంటే వినవేం’ అను అరుపుతో మొదలై, ‘నాకొద్దు, మీరే నడుపుకోండి’ అను మాటతో ఆగిపోయిన శిక్షణలు ఎన్నియో. స్కూలునకు కట్టిన రుసుము, రవాణాశాఖకు కట్టినది, నెలరోజుల శ్రమ, అన్నియు ఆ ఒక్క సాయంకాలముతో బూడిదపాలగును. లైసెన్సు బీరువాలో భద్రముగ నుండి, కారు వాకిట నుండి, బిడ్డను బడికి దింపుటకు ఆటో పిలుచుకొనుచున్న తల్లులు మన నగరములలో తక్కువ కారు. నేర్చుకొనుటలో అన్నిటికన్న ఖరీదైన తప్పు సగములో మానివేయుట. దానిని తప్పించుటకై పదవీవిరమణ చేసిన మామగారినో, పెదతండ్రి కుమారునినో, స్నేహితురాలినో బతిమాలుకొని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుటలో చిన్నతనము లేదు.

స్కూలు గంటలను, ఇంటి గంటలను ఎట్లు పంచుకొనవలెనను విషయమున నా అభిప్రాయము ఇది. మొదటి వారము, పది దినములు స్కూలు కారే ఉత్తమము; క్లచ్చు ప్లేటు అరుగుదల వారిది, ఆపుటకు రెండవ బ్రేకు వారిది. కొత్తగ కొన్న కారుమీద ఓనమాలు దిద్దినవారు ఆ ఆదా చేసిన రుసుమును మెకానికునకు కట్టుట కద్దు. గేర్లు మార్చుట కొంత అలవడిన పిమ్మట స్కూలు క్లాసులను రోజు విడిచి రోజుకు మార్చుకొని, మధ్య దినములలో తెల్లవారుజామున వాహనములు పలుచగ నుండు దారులలో ఇంటి కారు నడుపవలెను. అప్పుడు ఇంటిలో ఎదురైన సందేహమునకు మరునాడు శిక్షకునివద్ద సమాధానము దొరకును. చివరి రెండు మూడు క్లాసులను పరీక్షకై దాచుకొనవలెను. క్లాసులన్నిటిని వరుసగ ఊదివేసి, పరీక్ష ముందర విడిగ క్లాసులు కొనుక్కొనువారికి ఒక్కొక్క క్లాసునకు ప్యాకేజీలో పడినదానికన్న ఎక్కువ పడును.

పరీక్షా మైదానములో ఎనిమిది ఆకారము ద్విచక్రవాహనములకు, ‘హెచ్’ ఆకారమును ఎత్తుదారియు కార్లకు ముఖ్యములు. హైదరాబాదులోని నాగోలు వంటి ట్రాకులమీద ఎక్కువమంది తడబడునది ‘హెచ్’లో వెనుకకు పోవునప్పుడు. అనేక స్కూళ్లలో దీనిని గుర్తులతో నేర్పుదురు: ఫలానా కఱ్ఱ వెనుక అద్దములో కనబడగానే స్టీరింగును పూర్తిగ ఎడమకు, ఫలానా గీత తలుపు దగ్గఱకు రాగానే నిలువుగ. ఆ చిన్న స్కూలు కారునకు ఆ గుర్తులు సరిపోవును. పరీక్షనాడు ఇంటి పొడుగు కారుతో పోయినవానికి అవి సరిపోవు. వెనుక చక్రము ఎట్లు తిరుగుచున్నదో అద్దములో చూచి తెలిసికొన్నవానికి ఏ కారైనను ఒక్కటే. ఎత్తుదారిలో బండిని ఆపి, వెనుకకు జాఱనీక కదలించుటకు హ్యాండు బ్రేకు వాడవచ్చునను చిన్న సంగతి తెలియక తప్పినవారిని చూచినప్పుడు, పది గంటల శిక్షణలో అరగంటయైన ఫ్లైఓవరు ఎక్కుచోట గడపింపని స్కూలుమీద కోపము వచ్చును.

గేర్లు లేని ఆటోమేటిక్ కార్లు పెరిగిన ఈ దినములలో ఒక వెసులుబాటును చెప్పవలెను. మనదేశములో కారు లైసెన్సునకు గేరుతోనిది, గేరు లేనిది అను భేదము లేదు. ఇంట ఆటోమేటిక్ కారు మాత్రమే ఉన్న పెద్దవయసువారు క్లచ్చుతో నెలదినములు పోరాడనక్కరలేక, ఆటోమేటిక్ మీదనే నేర్చుకొని, ఆ గంటలను ట్రాఫికు చూచుటకు, అద్దములు చూచుటకు, నిలుపుటకు వినియోగించుకొనవచ్చును. చిన్నవయసువారికి మాత్రము నేను క్లచ్చునే సిఫారసు చేయుదును. ఇంగ్లండులో లైసెన్సునకు ఈ భేదము కలదు. ఆటోమేటిక్ మీద పరీక్ష ఇచ్చినవారు గేరు కారు నడుపరాదు. అచ్చటి మనవారి సంగతియు ఇచ్చట తలపవలసినదే, ఏలన భారతీయ లైసెన్సుతో అచ్చట నడుపుటకు పండ్రెండు నెలలే గడువు. ఆ పిమ్మట అచ్చటి పరీక్ష ఇయ్యవలసినదే. ప్రొవిజనల్ లైసెన్సునకు 34 పౌండ్లు, సిద్ధాంత పరీక్షకు 23, వారములో మామూలు దినములలో నడుపు పరీక్షకు 62. ఇవి పెద్దవి కావు. అచ్చటి అధికారసంస్థ చెప్పు సగటు లెక్క మాత్రము శిక్షకునితో 45 గంటలు, సొంత అభ్యాసము 22 గంటలు. ఆ గంటల వెలయే అచ్చట కుటుంబములను కుంగదీయుచున్నది. మన పది గంటలను ఆ అరువది యేడు గంటల ప్రక్కన పెట్టి చూచినచో, మనము దేనిని చవక అనుకొనుచున్నామో తెలియును. విదేశమునకు పోవు విద్యార్థి బయలుదేరుటకు నెల ముందు కాక, ఏడాది ముందే ఇచ్చట నేర్చుకొని బాగుగ నడిపి పోయినచో అచ్చట కొనవలసిన గంటలు తగ్గును. ఇంగ్లండునకు పోవువారికి ఎడమప్రక్క నడుపుట కూడ కలిసివచ్చును, అమెరికాకు పోవువారు కుడిప్రక్కకు అలవాటు పడవలసియుండును. 1000 రూపాయలకు దొరకు అంతర్జాతీయ అనుమతిపత్రము ఏడాది చెల్లును. అది నైపుణ్యమునకు మాత్రము సాక్ష్యము కాదు.

2021 జూలై ఒకటవ తేదీనుండి అమలులోనికి వచ్చిన గుర్తింపు శిక్షణకేంద్రముల పద్ధతి ఈ గంటల విషయమున మంచి మార్గమే తెఱచినది. ఆ కేంద్రములలో కారు శిక్షణ నాలుగు వారములలో 29 గంటలు. అచ్చట ఉత్తీర్ణులైనవారికి ఆర్టీఏలో నడుపు పరీక్ష మినహాయింపు. రుసుము సహజముగనే వీథిలోని స్కూలుకన్న ఎక్కువ. కాని గంటకు ఎంత పడినదని భాగించి చూచుకొన్నచో చాలచోట్ల భేదము భయపడినంత యుండదు. అట్టి కేంద్రము సమీపమున ఉన్నవారు ముందుగ దానినే విచారింపవలెను.

జీవనోపాధికై నేర్చుకొను బీద యువకుల సంగతి వేఱు. వారికి ప్రతి వంద రూపాయలును అన్నములోనిదే. బ్యాంకులు జిల్లాలలో నడుపు గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు, ఆర్‌సెటీలనబడునవి, పల్లెల యువజనులకు భోజన వసతులతో ఉచిత శిక్షణ ఇచ్చును. ముప్పది దినముల కారు శిక్షణ వాని పాఠ్యక్రమములలో ఒకటి. ఊరిలో ఇది తెలియక, వడ్డీకి తెచ్చి స్కూలునకు కట్టు కుఱ్ఱవాండ్రు ఉన్నారు. పంచాయతీ ఆఫీసు గోడమీద ఒక్క కాగితము అంటించిన చాలును. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనము ఇచ్చిన తీర్పు కూడ వారికి మేలు చేసినది: మామూలు కారు లైసెన్సు కలవారు 7,500 కిలోలకు మించని రవాణా వాహనమును వేఱు అనుమతి లేకయే నడుపవచ్చును. క్యాబు, చిన్న సరకుల బండి దీనిలోనికి వచ్చును గనుక, ఇంకొక లైసెన్సు ఇప్పించెదమని వారివద్ద సొమ్ము గుంజువారి మాట నమ్మనక్కరలేదు.

ఆదా అను పేరుతో జరుగుచున్న అపాయములను గూర్చి ఎక్కువ చెప్పనక్కరలేదు. పదునెనిమిది నిండని కుమారునిచేత కారు నడిపించు తండ్రికి 2019 సవరణ 25,000 రూపాయల జరిమానాను, మూడేండ్ల వరకు జైలును విధించినది. లైసెన్సు లేక నడుపువానికి చట్టములోని జరిమానా 5,000. 2022 ఒక్క సంవత్సరములో మనదేశపు రోడ్లమీద 1,68,491 మంది ప్రాణములు కోల్పోయిరి. ఈ అంకెను చదివిన పిమ్మట కూడ పది గంటల శిక్షణను ఏడు గంటలకు కుదించుకొని లాభపడితిమని ఎవరైనను అనుకొనుట నాకు ఊహకందదు.

ఇన్నియు వ్యక్తులు చేసికొనవలసిన పనులు. ప్రభుత్వము చేయదగినది ఒకటి కలదు, దానికి పెద్ద ధనము అక్కరలేదు. ఆర్టీఏ ట్రాకులు పరీక్షలు లేని వేళలలో, ఆదివారములలో, ప్రొద్దుటిపూట ఖాళీగ తాళము వేసియుండును. ఆ ‘హెచ్’లను, ఆ ఎత్తుదారులను ఎల్‌ఎల్‌ఆర్ కలవారికి గంటకు ఏబదియో నూఱో రుసుముతో, ఒక హోమ్‌గార్డు పర్యవేక్షణలో తెఱచి పెట్టినచో, ప్రక్కన లైసెన్సు కల బంధువును కూర్చుండబెట్టుకొని ఎవరి కారుతో వారు అచ్చటనే సాధన చేసికొందురు, పరీక్షాధికారియైన బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు మొదటిసారి ఆ గీతలను చూడవలసిన దుర్గతి తప్పును. దరఖాస్తు రుసుముల పట్టికను ఆఫీసు లోపలి గోడమీద కాక, బయటి గేటుకే, దూరమునుండి చదువదగిన తెలుగు అక్షరములతో వ్రేలాడదీయవలెను. ఏజెంటు నిలుచుండునది అచ్చటనే గదా.